మా తాత పెట్టిన పతకం

మా తాత ఊరూరా తిరిగి స్త్రీ విద్య మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి. చివరి రోజుల్లో మిరప పంట మీద వచ్చిన డబ్బు విశ్వవిద్యాలయానికి కట్టి, ఎమ్మేలో మొదట నిలిచిన అమ్మాయికి ఏటా తన పేర బంగారు పతకం ఇవ్వమన్నాడు. హేతువాద సభల్లో గొంతెత్తడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన మనవణ్ణని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉండేది. ఎనభైల్లో ఒక వేసవి దాకా.

దాత కుటుంబం నుంచి ఒకరు వెళ్లి పతకాన్ని స్వయంగా అందించడం అక్కడి ఆనవాయితీ. ఎప్పుడూ నాన్నే వెళ్లేవాడు. ఆ ఏడు మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేక నన్ను వెళ్లమన్నాడు. వంటింట్లోంచి మా మేనత్త వచ్చింది. తాతకు ఒక్కతే కూతురు, భర్త పోయాక మా దగ్గరే ఉంటోంది.

"నేనిస్తాన్రా ఆ పతకం. ఇచ్చి ఒక్క మాట చెప్పొస్తా."

"ఏం చెబుతావక్కా?" అన్నాడు నాన్న.

"నన్ను ఏడో తరగతిలో బడి మాన్పించాడని. కల్లంలో కాయలు ఏరడానికి కూలీలు దొరకట్లేదు, ఈ పంట ఇంటికొచ్చాక పంపుతానన్నాడు. ఆ పంట ఇంకా రాలా."

"పోయినాయన పరువు సభలో తీస్తావా?"

"పోయినాయన పరువు సరే. ఉన్నదాన్ని, నా సంగతి ఎక్కడ చెప్పుకోనురా?"

ఆ సంగతి నేను వినడం అదే మొదలు. ఆమె చేతి వంట తింటూ పెరిగాను. ఊళ్లోవాళ్ల మూఢనమ్మకాలన్నీ ఏకరువు పెట్టాను. ఆమె ఎందుకు చదువుకోలేదని మాత్రం ఏనాడూ అడగలేదు. తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోనే ఆవేశమొచ్చి, "చెప్పు అత్తయ్యా, పక్కన నేనుంటా" అన్నాను.

గుంటూరు వెళ్లాం. వేదిక మీద దాతల ఫొటోలు వరసగా పెట్టారు. ఒక అధ్యాపకుడు మైకు ముందు నిలబడి ఒక్కొక్క దాత గొప్పతనం చదువుతున్నాడు. పత్తి జిన్నింగు మిల్లు యజమాని తర్వాత మా వంతు వచ్చింది. "స్త్రీ విద్యను తన ఇంటి నుంచే ప్రారంభించిన మహనీయుడు..."

అత్తయ్య నా వైపు వంగింది. "ఏ ఇంటి నుంచిరా?"

పతకం గెలిచిన అమ్మాయి పైకొచ్చింది. అత్తయ్య ఆమె మెడలో పతకం వేసి, మైకు దగ్గరికి నడిచింది. చేలో కూలీలను కేకేసే గొంతు ఆమెది.

"నేను ఆయన కూతుర్నమ్మా. నన్ను ఏడులో మాన్పించాడు. బాగా చదివేదాన్ని, లెక్కల్లో ముందుండేదాన్ని. అది చెబుదామనే వచ్చా."

ఆ అమ్మాయి అత్తయ్య ముఖంలోకే చూస్తోంది. అధ్యాపకుడు గబగబా మైకందుకున్నాడు.

"విన్నారుగా! కన్నబిడ్డకు అందించలేని చదువును లోకంలోని ఆడబిడ్డలందరికీ అందించిన త్యాగమూర్తి!"

చప్పట్లు మోగాయి. మా సభల్లో మేం కట్టే వాక్యం లాగే ఉంది అది, అదే ఎత్తుగడ, అదే విసురు. నా చేతులు ఎప్పుడు కలిశాయో నాకే తెలియలేదు. చూసుకునేసరికి నేనూ గట్టిగా కొడుతున్నాను. అత్తయ్య నన్నే చూస్తోంది. వెనక తాత ఫొటోకు ఎవరో దండ వేస్తున్నారు.

బస్సు చిలకలూరిపేట దాటాక ఆమె అడిగింది.

"వాళ్లకంటే తెలీదు. నువ్వెందుక్కొట్టావురా?"

"అలవాటు అత్తయ్యా."

రాతికి ఎందుకు మొక్కుతారని నేను నిలదీసినప్పుడు జనం ఇచ్చే జవాబు అది. ఆ ఒక్క మాట పట్టుకుని ఎంతమందిని సభల్లో నవ్వులపాలు చేశానో! అత్తయ్య నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి రాగానే నాన్న మంచంలోంచే అడిగాడు.

"అనేశావా అక్కా?"

"అనేశా," అంది ఆమె కాళ్లు కడుక్కుంటూ. "నాన్నకు దండేశారు."