నాలుగడుగుల గోలు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో హాకీని చిన్నచూపు చూసినవాడికి టీకొట్టు బెంచీ మీద చోటు కూడా దొరకదు. ఆ ఊరి పక్కన నల్లరేగడిలో మినుములు, మొక్కజొన్న పండించే కందసామి అయితే మరీనూ. వాన లేక పైరు ఎండినా ఓర్చుకునేవాడు గానీ, వేసవి టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ తప్పిపోతే ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. కూతురు ఇసక్కిసెల్వి ఏడో తరగతికి రాగానే బండి వెనక కూర్చోబెట్టుకుని గ్రౌండుకు తెచ్చాడు. పిల్లకు పెద్దగా పరుగు లేదని మొదటివారంలోనే తేలిపోయింది. బంతి మొహం మీదికి దూసుకొచ్చినా రెప్ప వేయదని కూడా తేలింది. అలా గోల్‌కీపరయింది.

పదహారో ఏడు వచ్చాక జూనియర్ జట్టులో తనదే స్థానమని ఇసక్కిసెల్వి ధీమాగా ఉంది. ఒక సాయంత్రం కోచ్ ముత్తురాజ్ ఆమెను పక్కకు పిలిచాడు.

"నీ తప్పేం లేదమ్మా. గోలు ఏడడుగుల ఎత్తు. నీకంటే పొడుగు పిల్ల దొరికింది. నువ్వు రెండో కీపర్‌గా ఉండు" అన్నాడు తమిళంలో.

"పైకొచ్చిన బంతి ఎప్పుడైనా వదిలానా సార్?"

"ఇప్పటిదాకా వదల్లేదు. పెద్ద మ్యాచుల్లో వదులుతావు."

ఇంకా జరగని తప్పుకు ఇప్పుడే శిక్ష పడింది. ఆమె ఏడవలేదు. ప్యాడ్లు విప్పి సంచిలో కుక్కింది, అంతే.

తరువాతి టోర్నమెంటు విరుదునగర్‌లో జరిగింది. జట్టు ఆడుతుంటే ఇసక్కిసెల్వి బెంచీ మీద నీళ్ల సీసాలకు కాపలా కాసింది. రెండో రోజు విరామంలో లేచి అటూ ఇటూ తిరుగుతుంటే, గోడ అవతల సిమెంటు నేల మీద చక్రాల బూట్లు వేసుకున్న అమ్మాయిలు హాకీ కర్రలతో నల్లటి రబ్బరు బిళ్ళను తరుముతూ కనబడ్డారు. చిన్న గోలు. అందులో నిలబడ్డ పిల్ల బిళ్ళ వచ్చిన ప్రతిసారీ మొహం తిప్పుకుంటోంది. చూసి చూసి ఇసక్కిసెల్వి ఉండబట్టలేకపోయింది. ప్యాడ్లు తగిలించుకుని, మామూలు బూట్లతోనే వెళ్లి, "టీచర్, నేను నిలబడనా?" అని అడిగింది.

ఆ టీచర్ పేరు తంగం. స్కూల్లో డ్రిల్ చెప్తుంది. చలికాలం లడఖ్‌లో జరిగే జూనియర్ అమ్మాయిల ఐస్ హాకీ పోటీలకు జట్టును సిద్ధం చేస్తోంది. మంచు లేదు కాబట్టి సిమెంటు మీద. ఆమె తలూపగానే అమ్మాయిలు వరసగా కొట్టారు. ఒకటి కూడా లోపలికి పోలేదు. ఆఖరి బిళ్ళ మోకాలికి తగిలినప్పుడు ఇసక్కిసెల్వి నోట్లోంచి "అమ్మో, నొప్పెత్తా ఉండాదే!" అని ఇంటిమాట జారిపడింది. ఎదురుగా ఉన్న సంగవి అనే అమ్మాయి కర్ర దించేసి నవ్వింది.

"మీ ఇంట్లోనూ తెలుగేనా? మాదీ అదే."

తంగం టీచర్ దగ్గరికి వచ్చి అడిగింది. "చక్రాల మీద నిలబడగలవా?"

"తెలీదు టీచర్. పడితే లేస్తాను. ఈ గోలు ఎత్తెంత?"

"నాలుగడుగులు."

ఇసక్కిసెల్వి గోలు పైకడ్డీని చేత్తో తడిమింది. అది ఆమె భుజానికి కూడా రాలేదు.

ఆనాటి నుంచి ప్రతి శనివారం సాత్తూరు మీదుగా విరుదునగర్ బస్సు. మోకాళ్లు చిట్లాయి, మోచేతులు దోక్కుపోయాయి. ఇంట్లో తెలిసీ తెలియనట్టు గడిచింది. లడఖ్ మాట ఎత్తినరోజు మాత్రం కందసామి కంచం ముందు నుంచి లేచాడు.

"మంచు మీదా? మనకు మంచు యాడుండాది? ఐసు బండిలో ఉండాది, అంతే! కోవిల్‌పట్టి బిడ్డవి, గడ్డి మీద ఆడల్ల. రెండో కీపరయినా సరే, కాచుకోనుండు."

"ఎవురి కాలు విరుగుతుందో అని కాచుకోనుండాల్నా నైనా? నేనుండను."

"అది హాకీనే కాదు పాపా."

"నాకు గోలుండాది, కొట్టేవాళ్లుండారు. నాకది చాలు."

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన తల్లి పొన్నుత్తాయి చేతులు కడుక్కుంటూ అంతా వింది. "సంతకం నేను పెడతా. పోయి రా" అంది. కందసామి కూతురితో మాటలు మానేశాడు.

లడఖ్ గాలి పీల్చడానికే మొదట్లో కష్టమైంది. మెట్లెక్కితే గుండె దడ. మంచు సంగతి అంతకంటే అధ్వాన్నం. సిమెంటు మీద చక్రం నేలను పట్టుకుంటుంది. ఇక్కడ కత్తిలాంటి అంచు మీద నిలబడితే కాలు తన మాట వినడం లేదు. అలవాటు పడే వ్యవధి లేకుండానే పోటీలు మొదలయ్యాయి. మొదటి మ్యాచే ఆతిథ్య జట్టుతో. ఆ పిల్లలు నడక నేర్చిన మరుసటి ఏడే గడ్డకట్టిన చెరువుల మీద జారడం మొదలుపెట్టినవాళ్లు.

ఆటను మూడు భాగాలుగా ఆడతారు. రెండు భాగాలు ముగిసేసరికి స్కోరు పద్నాలుగు, సున్నా. పద్నాలుగూ ఇసక్కిసెల్వి వెనకే పడ్డాయి. జనం చప్పట్లు కొట్టడం కూడా మానేశారు. ఒక నిర్వాహకుడు బెంచీ దగ్గరికి వచ్చి తంగం టీచర్‌తో మర్యాదగానే అన్నాడు. "పిల్లలు అలసిపోయారు మేడమ్. ఇంతటితో ఆపేసినా ఎవరూ ఏమీ అనుకోరు."

టీచర్ పిల్లల వైపు చూసింది. కొందరు తల దించుకున్నారు. ఇసక్కిసెల్వి హెల్మెట్ పైకెత్తింది. పెదవులు నీలం తిరిగి, మాట వణుకుతూ వచ్చింది. భయంతో కాదు, చలికి.

"ఫుల్ టైం ఆడతాం సార్. గోలు వేసేది వాళ్లు, తినేది నేను. నేను అడగలేదే ఆపమని!"

సంగవి లేచి నిలబడింది. ఆమె వెనక మిగతావాళ్లూ లేచారు.

మూడో భాగంలో ఇసక్కిసెల్వి గోలు గీత మీద నిలబడటం మానేసింది. ఇంతసేపూ నిలదొక్కుకోవడంతోనే సరిపోయింది, ఇక పడిపోవాలనుకుంది. కోవిల్‌పట్టి గ్రౌండులో ఎదురొచ్చే ఫార్వర్డు మీదికి ఒంటిని అడ్డంగా విసిరేది తను. అక్కడ అలా జారితే తొడ మీద తోలు లేచిపోయేది. ఇక్కడ మంచే మోసుకుపోతుంది కదా! మొదటి అమ్మాయి దూసుకురాగానే ముందుకెళ్లి ఆమె కాళ్ల ముందు పడింది. బిళ్ళ ప్యాడ్‌కు తగిలి ఎగిరిపోయింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. "ఎడం పక్క, సంగవీ! ఎడం పక్క చూడే!" అని గొంతు చించుకుని అరుస్తుంటే సంగవికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు, అయినా సంగవి వెనకే అందరూ అటు దూసుకెళ్లారు. ఆ భాగంలో ఒక్క గోలు పడింది. ఆట ముగిసే గంట మోగేసరికి జనం లేచి నిలబడి ఉన్నారు. ఓడిన జట్టు కోసం.

ఆ సాయంత్రం ఫోన్‌లో తల్లి వెనక నుంచి తండ్రి గొంతు వినబడింది. "ఎన్ని తినిందంట?"

"పదహైదు తింటిని అని చెప్పుమా. ఫుల్ టైం ఆడితిమని కూడా చెప్పు."

పోటీలు ముగిసే ముందు ఆతిథ్య జట్టు కోచ్ వచ్చి, వేసవిలో డెహ్రాడూన్‌లో, యంత్రాలతో మంచు గడ్డకట్టించిన హాల్లో జరిగే జూనియర్ శిబిరానికి రమ్మన్నాడు. స్కేటింగ్ నేర్పొచ్చు, ఆ తెగువ నేర్పలేం అన్నాడట తంగం టీచర్‌తో.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ముత్తురాజ్ గడప తొక్కాడు. పొడుగు పిల్ల తూత్తుకుడిలో వేరే జట్టుకు వెళ్లిపోయింది. "ఇక నువ్వే మొదటి కీపర్‌వి. క్యాంపు వచ్చే నెల" అన్నాడు. కందసామి మొహం వెలిగిపోయింది. తానే లోపలికెళ్లి కాఫీ తెచ్చాడు. ఆ క్యాంపూ డెహ్రాడూన్ శిబిరమూ ఒకే రోజుల్లో పడ్డాయి.

"రాను సార్" అంది ఇసక్కిసెల్వి.

"ఎందుకని?"

"అప్పుడెంత పొడుగున్నానో ఇప్పుడూ అంతే ఉన్నాను. అప్పుడు చాలకపోయిన ఎత్తు ఇప్పుడెలా చాలుతుంది?"

ముత్తురాజ్ కాఫీ సగంలో వదిలేసి వెళ్లాడు. కందసామి మిగిలిన కాఫీ పెరట్లో పారబోసి పొలానికి పోయాడు.

ప్రయాణం రోజు బండి తీసింది మాత్రం ఆయనే. స్టేషన్‌లో ప్యాడ్ల సంచి ప్లాట్‌ఫాం దాకా తనే మోసుకొచ్చాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"గోలుకు వెనకాల గూడా ఆడతారంటనే? నిజమా?"

"నిజమే నైనా. బిళ్ళ గోలు వెనక పోయినా ఆట ఆగదు."

"వెనకాల నించి వస్తే కీపర్ యాడ చూడల్ల? ఇదేం రూలు? అది హాకీ కాదని నేను చెప్తినే!"

"నువ్వొకసారి వచ్చి చూసి చెప్పు."

"నేనెందుకు వస్తాను!" అని కందసామి గొంతు పెంచాడు. రైలు వచ్చి ఆగింది. ఆయన ప్యాడ్ల సంచి పైకి అందిస్తూనే, వెనక నుంచి వచ్చే బిళ్ళకు కీపర్ ఏ కాలు ముందు పెట్టాలో వాదిస్తున్నాడు.