కత్తెర మీద కాపలా

మా బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు నేను నాలుగో తరగతి. నిన్నటి దాకా ఉర్దూలో చెప్పిన పంతులు ఒక పొద్దున వచ్చి కన్నడలో మొదలుపెట్టిండు. ఏ భాషలో ఫెయిలు కావాల్నో నాకు తేలలేదు, బడి మానేసిన. లెక్కలైతే అంతకు ముందే నన్ను మానేసినయి. మరి దర్జీ పని ఎట్ల పట్టినవని అడుగుతరు. టేపు మీద అంకెలు వరుసగా రాసే ఉంటయి గదా, మనం లెక్కపెట్టే పని లేదు.

గాంధీ గంజ్ ధాన్యం బజారు వెనక సందులో మా ఇంటి ముందటి అర్రే నా దుకానం. మిషను పాతది, బల్ల కుంటిది. కత్తెర ఒక్కటే నా అసలైన సొత్తు. ఇత్తడి పిడుల కత్తెర, మా మేనమామ హైదరాబాదు నుంచి తెచ్చి చేతుల పెట్టిండు. బట్టకు తప్ప దేనికీ తాకియ్యొద్దు, కాయితం తగిలితే ధార చస్తదని మరీమరీ చెప్పిండు. సాన పట్టేటాయన సందులోకి వస్తుండె గని, ఆయన రాయి తిప్పిండంటే ధార వచ్చుడేమో గని సగం ఇనుము పోతది. ఇంకోటి కొనే తాకతు నాకు లేదు. ఆ ధార పోయిన దినం నా దుకానం బంద్.

అందుకే ఇంట్లో అందరి మీద నాకు అనుమానమే. మా అమ్మ కందిలి బత్తి కొస కత్తిరించాలంటే చేతికి ఏది దొరికితే అది పడ్తది. మా నాయిన మన్నళ్ళి పల్లెలో దున్నినన్ని రోజులు దున్ని మా దగ్గరికి వచ్చిండు. ఆయన కాలి గోర్లు చూస్తే నాగలి అక్కడ ఎందుకు వదిలేసి వచ్చిండో తెలుస్తది. ఇగ నా భార్య. ఆమె కత్తెర దిక్కు కన్నెత్తి కూడా చూడదు. అంత చూడకుండ ఉండే మనిషిని ఎట్ల నమ్ముతరు?

గంజ్ హమాలీల అంగీలు, సేట్ల పైజామాలు కుట్టుడుకు నాకు జంకు లేకుండె. తంట అంతా రవికలతోనే. మా దిక్కు ఆడోళ్ళు దర్జీకి ఒంటి కొలతలియ్యరు. పాత రవిక ఒకటి పంపుతరు, దాన్ని చూసి కొత్తది కొయ్యాలె. ఆ పాతదేమో పెండ్లినాటిది, మనిషేమో ఇప్పుడు పిల్లల తల్లి. నేను పాతదాని కొలతకే కోస్త. వారం తిరగక ముందే రవిక వాపసు వస్తది, చెయ్యి పైకి లేస్తలేదన్న మాట మోసుకొని.

రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన కొత్తలో, ఒక పొద్దున మేకుకు కత్తెర తిరగబడి వేలాడుతుండె. నేను పెద్ద పిడి ఎడమ దిక్కుకు వచ్చేటట్టు తగిలిస్త. అది కుడి దిక్కుకు ఉన్నది. ఎవరు ముట్టిండ్రని అడిగిన. మా నాయిన కాలు ముందటికి చాపిండు. గోర్లు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి, ఇంకింత పెరిగినయి. మా అమ్మ తప్పు నా మీదికే తిప్పింది. ధార చూస్తనని నేను ఉట్టి కత్తెర ఆడిస్తుంటనట, ఉట్టి కత్తెర ఆడిస్తే ఇంట్ల కొట్లాట వస్తదట. కొట్లాట వచ్చిన మాటైతే నిజమే.

ఆ దినం నుంచి పిడులకు నల్లదారం చుట్టి ముడేసుడు మొదలుపెట్టిన, కొసలు ఎడమ దిక్కు వదిలి. తెల్లారి చూస్తే ముడి అచ్చం నేనేసినట్టే ఉన్నది, కొసలేమో కుడి దిక్కు. వాసన చూసిన, గాసునూనె వాసన లేదు. కీలు దగ్గర కాయితం పొట్టు లేదు. తడి గుడ్డపేలిక కోసి చూసిన, మొన దాకా తెగింది. అప్పుడు నాకు ఇంకా భయమైంది. పాడు చేసే దొంగనైతే పట్టొచ్చు, పదిలంగా వాడే దొంగను ఏమని పట్టాలె?

ఆ దినాలల్లనే ఇంకో వింత. రవికలు వాపసు వచ్చుడు బందైంది. గంజ్‌ల పప్పుల సేటు భార్య, చంక దగ్గర ఎంత బాగ కుదిరిందో అని కబురు పంపింది. నా చెయ్యి తిరిగిందని అన్నం తినుకుంట మురిసిన. నా భార్య జొన్నరొట్టె వడ్డించుకుంట తల వంచుకొని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మరునాడు పెండ్లి బట్టల పని ఉన్నది, బసవకళ్యాణ్ పోయి మాపటికి వస్తనని చెప్పి బయలెల్లిన. బస్‌స్టాండులో ఒక చాయ్ తాగి, మా ఇంటి వెనక సందు నుంచి తిరిగొచ్చిన. దుకానం తలుపు లోపట గొళ్ళెం పెట్టి ఉన్నది. గడప ముందట ఆడోళ్ళ చెప్పులు, నేను లోపట ఉన్నన్ని రోజులు ఒక్కసారి కూడా ఆ గడప ముందట విడవని చెప్పులు. పక్కన అరుగు మీద మా నాయిన. నన్ను చూడంగనే పెద్దగ దగ్గిండు. ఆయనకు దగ్గు లేనే లేదు. లోపట నవ్వులు ఆగిపోయినయి.

కొంచెం సేపటికి గొళ్ళెం తీసిండ్రు. సందులోని ఆడోళ్ళు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని, నన్ను తప్పుకొని పోయిండ్రు. లోపట మా అమ్మ చేతిల నా టేపు, నా భార్య చేతిల నా కత్తెర. బల్ల మీద నేను నిన్న కుట్టిన రవిక, పక్కల కుట్లు విప్పి ఉన్నది. చంక కింద వెయ్యడానికి చిన్న ముక్క కోసి పెట్టింది. అంచు ఎక్కడా పీచు లేవలేదు.

ముందు కత్తెర గుంజుకొని తడి పేలిక మీద ఆడించిన. మొన దాకా తెగింది. ఇగ తిట్టేతందుకు ఏం మిగల్లేదు. అయినా మగోన్ని, దర్జీని, ఊకె ఉంటే ఎట్ల?

"వాడుకుంటే వాడుకున్నవు, ఒక్క మాట అడిగి తీసుకోవద్దా?" అన్న.

ఆమె కత్తెర నా చేతిలకెల్లి తీసుకున్నది. దారం చుట్టి నా ముడే వేసింది. ఈసారి కొసలు ఎడమ దిక్కే వదిలింది.

"అడిగితే ఎందుకని అడుగుతవు," అన్నది. "నీ కటింగు సరిచేసేతందుకని చెప్పాల్నా?"