మధ్య పుస్తకం మామ్మ చెప్పింది

పండరీ బజారులో క్రిస్మస్ బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు పాత పుస్తకాల బండి మీద ఆ రెండూ కనిపించాయి. మూడు భాగాల నవల. మొదటిదీ మూడోదీ ఉన్నాయి, రెండోది లేదు. వరస తప్పి చదవొద్దని అట్ట మీదే రాసి ఉంది. పదహారేళ్ల పిల్లని, ఆగుతానా? రెండూ కొనేశాను.

నాన్నది రైల్వే ఉద్యోగం, అమ్మ నర్సు. ఇద్దరూ డ్యూటీలకు పోతే రాయపూర్ క్వార్టర్‌లో మిగిలేది నేనూ మామ్మా. మామ్మది కృష్ణా జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. తెలుగు బైబిలు తప్ప మరోటి చదివేది కాదు. ఆవిడ బియ్యం ఏరుతుంటే నేను ఆ ఇంగ్లీషు నవల చదువుకుని సగం హిందీ కలిసిన తెలుగులో చెప్పేదాన్ని. నా తెలుగు రైలెక్కి ఎటో పోయిందని వెక్కిరిస్తూనే వినేది.

నవల్లోది నీళ్లన్నీ ఏలేవాళ్ల గుప్పిట్లో ఉన్న నగరం. గోడ దూకి పారిపోయిన అక్కా తమ్ముడూ సముద్రంలో కలిసే పెద్ద కాలువ దగ్గరికి చేరడంతో మొదటి భాగం అయిపోయింది. మూడోది తెరిస్తే అక్క ఒక్కతే ఉంది. తమ్ముడేమయ్యాడో ఒక్క ముక్క లేదు. నాకు అన్నం సయించలేదు.

మామ్మ చేట పక్కన పెట్టి, మధ్య కథ తనే మొదలెట్టింది. పైనుంచి నీళ్లు వదిలేశారట. చెయ్యి జారిపోయిందట. పోటు ఎటు తోస్తుందో, మనిషి ఏ మలుపులో తేలతాడో, అక్క ఎవరెవరి గుమ్మం ముందు నిలబడి అడిగిందో కళ్లారా చూసినట్టే చెప్పింది. చివరికి ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్ల వేళ్ల దగ్గర దొరికాడు. అక్క మంచినీళ్లతో ఒళ్లు కడిగి, ప్రార్థన చేసి, సమాధి చేసింది.

ఇంత కథ ఈవిడలో ఎక్కడ దాగుందా అని ఆమెకేసే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి నా తిక్క ఊరుకోక, అసలు రెండో పుస్తకంలో అట్లా ఉండకపోవచ్చు, తమ్ముడు దొరక్కపోయి ఉండొచ్చు కదా అన్నాను.

"మా తమ్ముడు దొరకలేదే. ఉప్పెన తీసుకుపోయింది. ఊరూరా తిరిగాను," అంది మామ్మ. "ఈ పిల్లకైనా దొరకనీ."

మూడో భాగం ఆ తర్వాతే చదివాం. ఎక్కడా అతుకు కనిపించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఉద్యోగంలో చేరాక రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించాను. అప్పటికి మామ్మకు చూపు బాగా తగ్గింది. మధ్య పుస్తకం వచ్చిందని చెప్పి, ఆవిడ పక్కనే కూర్చుని మనసులో చదువుకున్నాను. నిజంగానే నీళ్లు వదిలారు. చెయ్యి జారింది. ఆ తర్వాత వెనక సిపాయిలు తరుముతుంటే అక్క వెతక్కుండానే పరుగెత్తింది. తమ్ముడి మాట మళ్లీ లేదు.

పుస్తకం మూసిన చప్పుడుకి మామ్మ నా వైపు తిరిగింది.

"దొరికాడా?"

"దొరికాడు మామ్మా. వాళ్లక్కే ఒళ్లు కడిగింది."