శ్రీధర్ ఇంటి మార్ట్‌గేజ్ ఎందుకు అమ్మానంటే

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. టొరంటో పడమటి కొసన ఎటోబికోలో మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే శ్రీధర్ ఇల్లు పోయిన సంగతి వస్తుంది, వడ్డీల మీదికి మళ్లుతుంది, కాఫీతో ముగుస్తుంది. పక్కనే కూర్చున్న నన్ను, మీరెందుకు అమ్మారండీ అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే అబద్ధమే చెప్పేవాణ్ణేమో. అయినా అడగాలి కదా? ఈ బరువు మోస్తూ తలెత్తుకునే తిరిగాను. ఇక మీకు చెబుతాను.

మేమున్న ఇంటిని శ్రీధర్‌కి అమ్మాను. ఈ దేశానికి కొత్త, ఉద్యోగం కొత్త. బ్యాంకు కొంత ఇచ్చి చేతులెత్తేసింది. తక్కువ పడినదంతా నేనే అప్పుగా వదిలి, ఆ ఇంటి మీదే, బ్యాంకు తాకట్టు తర్వాత రెండో తాకట్టుగా, మార్ట్‌గేజ్ రాయించుకున్నాను. నెలనెలా నాకు కడతాడు. గడువు తీరితే మళ్లీ రాసుకుందాం, వేరే చేతికి పోనివ్వను అని మాటిచ్చాను. బ్యాంకు నమ్మని మనిషిని నేను నమ్మాను. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

గృహప్రవేశం నాడు, నేను దగ్గరుండి వేయించిన చెక్క నేల మీద నిలబడి, శ్రీధర్ ఇంటి బేరం కుదిర్చిన రియల్టర్‌కి శాలువా కప్పాడు. కమిషన్ తీసుకున్న మనిషికి! లోన్ ఇప్పించిన బ్రోకర్‌కీ కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా వంతు వస్తుందని కాలర్ సర్దుకుని కూర్చున్నాను.

"అంకుల్, భోజనాలకి లేవండి," అన్నాడు.

తినకుండా వచ్చేశాను. ఇంత చిన్నదానికా అంటారు మీరు. నేను మర్చిపోయే మనిషిని కాదు.

నెల తిరక్కముందే ఆ మార్ట్‌గేజ్‌ని, అంటే ఆ బాకీ వసూలు చేసుకునే హక్కుని, సొంతంగా అప్పులిచ్చే ఒకాయనకి అమ్మేశాను. రావలసిన దానికంటే తక్కువకి, ఒకే చెక్కుతో. గడువు తీరాక ఆయన మొత్తం ఒకేసారి కట్టమంటాడని, ఒక్కరోజు కూడా ఆగడని తెలుసు. తెలిసే అమ్మాను. నష్టానికి అమ్మడమే గొప్పగా అనిపించింది, డబ్బుకి ఆశపడలేదని నాకు నేను రుజువు చూపించుకున్నట్టు. ఆశపడి అమ్మి ఉంటే పాపం కాస్త తగ్గేదా? శ్రీధర్‌కి మాత్రం, కాల్గరీలో మా అమ్మాయికి డబ్బు అవసరం పడిందని చెప్పాను. అమ్మాయికి ఏ అవసరమూ లేదు.

మా ఆవిడ అప్పుడు కాల్గరీలోనే, అమ్మాయి దగ్గర ఉంది. ఆమె తిరిగొచ్చిన వారానికి శ్రీధర్, అతని భార్య మాధవి మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. చేతిలో పళ్లెం. అందులో పట్టుపంచె, చీర, పళ్లు.

"ఇదేంటి ఇప్పుడు?" అన్నాను.

"ఆ రోజే పెట్టాల్సింది అంకుల్. ఆంటీ లేకుండా మీ ఒక్కరికే బట్టలెలా పెడతాం? శాలువా కప్పి పంపించేయడానికి మీరేమన్నా రియల్టరా?" అని నవ్వాడు శ్రీధర్.

మాధవి మా ఆవిడకి బొట్టు పెడుతూ, "అమ్మాయి వాళ్లకి టైట్‌గా ఉందటగా ఆంటీ. మా గురించి వర్రీ అవకండి. పేమెంట్స్ ఆ కొత్తాయనకే కడుతున్నాం, మేనేజ్ చేసుకుంటాం," అంది.

మా ఆవిడ నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. వాళ్లు వంగి మా కాళ్లకి దండం పెట్టారు. అక్షింతలు వేశాను.

అప్పుడు నోరు విప్పి ఉంటే? చెక్కు డబ్బు ఇంకా బ్యాంకులో అలాగే ఉంది. కాస్త ఎక్కువిస్తే ఆ అప్పులాయన మార్ట్‌గేజ్ తిరిగి ఇచ్చేవాడే. వెళ్లలేదు. వెళితే నేను పొరబడ్డానని శ్రీధర్ ముందు ఒప్పుకోవాలి, ఆ అబద్ధం సంగతి మా ఆవిడ ముందు ఒప్పుకోవాలి. పైగా, ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా అని ఆ పూట కూడా మనసులో వాళ్లనే తప్పుపట్టాను. ఇప్పటికీ కొంచెం తప్పుపడుతూనే ఉన్నాను.

గడువు తీరింది. అంత మొత్తం వాళ్లకి ఇంకెవరూ ఇవ్వలేదు. ఇల్లు అమ్ముకుని నార్త్ యార్క్‌లో అద్దెకి వెళ్లిపోయారు. గుడిలో ఎదురైతే శ్రీధర్ ఇప్పటికీ, "బాగున్నారా అంకుల్?" అంటాడు. తలాడించి చెప్పుల వైపు నడుస్తాను.

క్షమించమని రాయడం లేదు. కోపంతో చేశాను, అబద్ధంతో కప్పిపుచ్చాను. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అంతే. ఇందులో పేర్లు మార్చాను. పట్టుపంచెని మార్చలేదు, అతను గుర్తుపడతాడు. దాని మడత నేనింకా విప్పలేదు.

శ్రీధర్, చెప్పాల్సింది చెప్పాను. ఈసారి బాగున్నారా అని పలకరించి వదిలేయకు. తిట్టు, నలుగురిలో నిలదియ్యి, నీ ఇష్టం. నాకు జవాబు కావాలి.