స్విచ్చికి రెండో వైరు

"ఏమే, సోమవారం వైరు పీకావా?" అని అడిగాడు ఆయన.

"పీకానండీ. ఏదీ ఆగలేదు," అన్నాను.

"ఊఁ," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు అవే. పక్క మంచం రోగికి తోడున్న ఆవిడ, ఆస్పత్రిలో నేనేం వైరు పీకేశానో అని నా చేతుల వంక అదోలా చూసింది. ఆవిడకి చెప్పలేకపోయిన ఆ వైరు సంగతే ఇది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు కరుణ రాస్తోంది.

నూజివీడు దగ్గర మామిడి రైతులంతా కలిసి పెట్టుకున్న ప్యాకింగు షెడ్డులో మా ఆయన యేసుబాబు ఎలక్ట్రీషియన్, నేను ఆయన కింద హెల్పర్ని. నిచ్చెన పట్టుకోవడం, గోడకి కన్నం వేయడం, పైపులోంచి వైరు లాగడం నా పని. నాకు చదువు రాదు గనక వైర్ల మీద పేర్లు రాసే బదులు పాత చీర పీలికలు కట్టుకునేవాళ్ళం. ఒక లైనుకి ఎర్ర పీలిక, ఇంకో లైనుకి నీలం పీలిక. నేను రిటైరయ్యేదాకా అదే పద్ధతి.

ఇది ఆఫీసుకి కొత్త స్విచ్చి తెచ్చిన ఏడాది మాట. స్విచ్చి అంటే గోడమీద లైటు వేసుకునేది కాదు. కంప్యూటర్లూ, కెమెరాలూ, లారీలు తూచే కాటా, అన్నిటి వైర్లూ వచ్చి కలిసే ఇనప పెట్టె. అది ఆగితే లారీ కాటా ఎక్కినా చీటీ రాదు. చీటీ లేనిదే లారీ కదలదు. అంతకుముందు సీజన్లో పాతది ఆగిపోయి, ఎండలో లారీల్లోనే కాయ మెత్తబడిపోయింది. మేనేజరు ప్రసాదు గారిని రైతులు నిలదీశారు. ఆయన మమ్మల్ని పిలిచి, మళ్ళీ ఆగిందంటే ఈ పని బెజవాడ కంపెనీకి ఇచ్చేస్తాను, మీ ఇద్దరినీ ఉంచుకోలేను అని చెప్పేశారు. మా ఇద్దరి జీతాలూ ఆ షెడ్డులోవే. ఆ పెట్టె ఆగకపోతేనే మాకు అన్నం.

కొత్త స్విచ్చి వెనక రెండు పవర్ సప్లైలు, రెండు వైర్లు. ఒకటి పోతే రెండోది ఆ క్షణంలోనే బరువంతా ఎత్తుకుంటుంది. అలా ఎత్తుకోవాలంటే రెండూ ఒకే బోర్డులో గుచ్చకూడదు. బోర్డు పోతే రెండూ పోతాయి. షెడ్డుకి కరెంటు మూడు లైన్ల మీద వస్తుంది, వాటినే ఫేజులంటారు. అందుకని ఎర్ర వైరుని ఒక ఫేజు మీదున్న యూపీఎస్‌కి ఇచ్చాం, నీలం వైరుని వేరే ఫేజు మీద, ఎదుటి గోడకి పెట్టిన ఇంకో యూపీఎస్‌కి ఇచ్చాం. యూపీఎస్ అంటే కరెంటు పోయాక కాసేపు బ్యాటరీ మీద నడిపించే పెట్టె.

"రెండూ చెరిసగం మోస్తున్నప్పుడు చిన్న యూపీఎస్‌లు చాలు కదయ్యా?" అన్నారు ప్రసాదు గారు.

"రోజూ సగమేనండి. ఒకటి పడ్డరోజు మిగిలింది మొత్తం మోయాలి. ఆ రోజు కోసమే కదండీ రెండోది," అన్నాడు మా ఆయన. ప్రసాదు గారు ఒప్పుకున్నారు.

ఇంకో నియమం మా ఆయనే పెట్టాడు. ప్రతి సోమవారం గేటు తీయకముందు ఒక వైరు పీకి, రెండోది మోస్తోందో లేదో చూడాలి. ఒక వారం ఎర్రది, ఒక వారం నీలంది.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. సీజను మొదలయ్యేరోజు కాటా గదిలో దేవుడి పటం పెట్టి బల్బుల తోరణం వెలిగిస్తారు. మొదటి ఎగుమతి లారీ వెళ్ళేదాకా ఆ వెలుగు ఆరకూడదు. ఆరితే ఆ ఏడు ధర పడిపోతుందని రైతుల భయం. మేము చర్చికి వెళ్ళేవాళ్ళమే అయినా ఏటా ఆ తోరణం కట్టేది మేమే. ఆ ఏడు మాత్రం మేము కోల్డ్ రూము పనిలో ఉన్నామని కాటా గుమస్తా రమణ కట్టేశాడు. స్విచ్చి ఉన్నదీ ఆ గదిలోనే.

తరవాతి సోమవారం ఎర్ర వైరు వంతు. పీకాను. నీలం యూపీఎస్ బరువు మోయలేక కీచుమని అరిచి ఎర్రలైటు వేసింది. ఇంకాస్త ఉంటే ఆరిపోయేదే. గబుక్కున వైరు మళ్ళీ గుచ్చేశాను. చూస్తే ఆ యూపీఎస్‌కి పీలిక లేని వైరు ఇంకోటి ఉంది. దాన్ని పట్టుకుని వెళితే దేవుడి పటం వెనక తేలింది. అవి పెళ్ళిళ్ళకి కట్టే పాతకాలం బల్బులు, కరెంటు బాగా తాగుతాయి.

"కరెంటు పోయినా ఆరకుండా ఉంటాయని అక్కడ పెట్టానక్కా. అది ఖాళీగానే ఉంది కదా!" అన్నాడు రమణ.

"ఖాళీగా లేదయ్యా, కాచుకుని ఉంది," అన్నాను.

తీసేద్దామంటే ప్రసాదు గారు తల పట్టుకున్నారు. అప్పటికే గేటు తీశారు, బెంచీ మీద ముసునూరు రైతు వెంకట్రామయ్య గారు కూర్చుని ఉన్నారు.

"తీస్తే ధర పోద్ది, ఉంచితే కాటా పోద్ది. బాగుందయ్యా మీ యవ్వారం! ఏరా యేసుబాబూ, తిరిగి తిరిగి మా దేవుడి దీపం మీదే పడ్డావేంట్రా?"

"దేవుడి మీద కాదండీ రామయ్యగారూ, ఆ బల్బుల మీద," అన్నాడు మా ఆయన నవ్వుతూ.

నాకు తోచింది చెప్పాను. "ముందు కుందిలో నూనె పోసి మీ చేత్తో వెలిగించండి బాబుగారూ. అది నిలబడ్డాకే ఇది తీస్తాం. వెలుగు ఒక్క క్షణం కూడా ఆగదు."

వెంకట్రామయ్య గారు ఒత్తి వేసి వెలిగించారు. రమణ కిటికీ మూశాడు. మంట నిలబడ్డాక తోరణం వైరు తీశాను.

"దీపానిక్కూడా డబుల్ సప్లై పెట్టించారు కదరా!" అని ఆయన పకపకా నవ్వారు. నేను ఎర్ర వైరు మళ్ళీ పీకాను. నీలం యూపీఎస్ కిక్కురుమనలేదు.

ఆ వారంలోనే ఈదురుగాలి వచ్చింది. తోటలన్నిట్లో కాయ రాలింది. రాలిన కాయ ఆరోజే తూకం పడకపోతే ఎందుకూ పనికిరాదు. తెల్లారేసరికి రోడ్డు పొడుగునా ట్రాక్టర్లే. మధ్యాహ్నానికి ఎర్ర లైను ఫేజు పోయింది, దాని యూపీఎస్ బ్యాటరీ ఉన్నంతసేపు మోసి చతికిలబడింది. నీలంది బరువంతా ఎత్తుకుంది. మా ఆయన స్టూలు మీద కూర్చుని దాని లైటు వంకే చూస్తూ అన్నం తిన్నాడు. సాయంత్రం ఫేజు వచ్చేదాకా ఒక్క చీటీ ఆగలేదు.

వెంకట్రామయ్య గారూ తన రాలిన కాయ తెచ్చారు. ధర బాలేదన్నారు, రమణ చెయ్యి నిదానమన్నారు. స్విచ్చి ఊసే ఎత్తలేదు. మర్నాడు ప్రసాదు గారు పిలిచి, వచ్చే సీజనుకి నా గదిలో ఫ్యాను మార్చాలి గుర్తుపెట్టుకోండి అన్నారు. వచ్చే సీజను అన్న మాట విన్నాక మా ఆయన బయటికొచ్చి టీ తాగించాడు.

ఆ తరవాత బయట ఎన్ని ఆఫీసుల్లో వైరు లాగినా నేను పట్టుకున్నది ఒకటే. రెండోది పెట్టినంత మాత్రాన పని అయిపోదు. ఖాళీగా కనిపించేదాన్ని ఎవరో ఒకరు మంచి మనసుతోనే వాడేసుకుంటారు. అది ఎందుకుందో ఆ గదిలో తిరిగే ప్రతివాళ్ళకీ చెప్పాలి, గది ఊడ్చే మనిషితో సహా. పని బాగా జరిగిన రోజు ఏమీ జరగనట్టే ఉంటుంది. మెచ్చుకుంటారేమో అని చూడకూడదు.

అంతేనే కరుణా. మధ్యలో నవ్వావు, ఏం కలిపి రాశావో ఏమో. ఏదీ, మొదటినుంచి చదువు, వింటాను.