పిట్ట ముట్టిన పాట

దయ్యాలంటే నాకు నవ్వే. మా మందమర్రి కాలనీలో ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెడితే లేచిపోయేవాణ్ణి. ఇది కూడా దయ్యం కథ అనను. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

మాది నలుగురు దోస్తుల రాక్ బ్యాండ్. నేను గిటార్, సతీష్ పాట. మా మొదటి ఆల్బమ్ మొత్తం బొగ్గుబావి ఇళ్ల గోస. బాపు షిఫ్టు నుంచి రావడం ఆలస్యమైతే అవ్వ పొయ్యి మీది కూర మాడటం, నైట్ షిఫ్ట్ చేసి బాపు పగలు పడుకుంటే పిల్లలు గుసగుసగా ఆడుకోవడం. అన్నీ సతీష్ రాసినవే, అన్నీ వాళ్ల బాపు గురించే. ఆయన మాత్రం ఒక్కటీ వినలేదు. "గా లొల్లి నాకద్దు" అనేవాడు.

చివరి పాటకు సంగీతం రికార్డయింది. గొంతు కలపకముందే సతీష్‌కు డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో ఆ పాట ఆఖరి చరణం అప్పటికప్పుడు అల్లి నా చెవిలో చెప్పాడు. పక్కన ఇంకెవరూ లేరు. మర్నాడే పోయాడు. ఆ మాటలు నేనూ ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాడికి ఇష్టమైనవి విస్తరాకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తాం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టే. ఎండ ముదిరినా ఒక్క కాకీ వాలలేదు. సతీష్‌ను కన్న అవ్వ ఏడుస్తూ, అది తీరుస్తా ఇది తీరుస్తా అని ఎన్నో ఒప్పుకుంది. ఆల్బమ్ బయటికి తెస్తామని మేమూ మాటిచ్చాం. ఊహూఁ.

అప్పుడు వాళ్ల బాపు నా దగ్గరకొచ్చాడు.

"వాని పాటొకటి పెట్టు బిడ్డా. నేను ఇననే లే."

తొందరలో చూసుకోక, ఫోన్లో గొంతు లేని ఆ చివరి పాటే పెట్టేశాను. మార్చుదామనుకునేలోపు ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆఖరి చరణం దగ్గర నోరు తెరిచి పాడాడు. సతీష్ నాకు చెప్పిన మాటలే, ఒక్కటీ తప్పకుండా. అందరం విన్నాం. కాకి వచ్చి మెతుకు ముట్టింది.

తర్వాత అడిగితే ఆయన నన్ను వింతగా చూశాడు.

"నాకు పాటేడొస్తది బిడ్డా? నేను నోరే తెరువలే. వాడే పాడిండు, మొదటి సంది."

ఆల్బమ్ వచ్చింది, చివరి పాట గొంతు లేకుండానే. ఆయన ఇప్పటికీ మా ఇంటికొచ్చి ఆ గొంతు లేని పాటే పెట్టమంటాడు. కళ్లు మూసుకుని చివరిదాకా వింటాడు, మధ్యలో "మంచిగ పాడుతుండు" అంటాడు.

నేనూ పక్కనే కూర్చుంటాను. ఎంత చెవి ఒగ్గినా నాకు సంగీతమే వినిపిస్తుంది.