ఆవిడ వీధిని ఒప్పజెప్పడం

అడిలైడ్‌లో చదువుకునే రోజుల్లో, వారానికి మూడు మధ్యాహ్నాలు ఒక యూదు పెద్దావిడ ఇంట్లో సాయానికి వెళ్ళేదాన్ని. మాసన్ లేక్స్ క్యాంపస్‌లో క్లాసులు అయ్యాక అటు నుంచి అటే బస్సెక్కేదాన్ని. మొదటి రోజే, మన గుంటూరు వాళ్ళ అలవాటు కదా, నోరు ఊరుకోలేదు. మీదే ఊరు, ఎవరి తాలూకు, అక్కడ ఇప్పుడెవరున్నారు?

"ఎవరూ లేరు," అంది.

"అదేంటాంటీ, ఊరన్నాక ఎవరో ఒకరుంటారుగా. మేనమామ పిల్లలో, పిన్ని పిల్లలో. ఇంటర్నెట్‌లో వెతుకుదాం."

ఎగాదిగా చూసింది. "ఎనభై ఏళ్ళదాన్ని పట్టుకుని ఆంటీ ఏమిటి? ముందది మానెయ్. తర్వాత టీలో అంత చక్కెర మానెయ్."

నేను రెండూ మానలేదు.

ఆ 'ఎవరూ లేరు' అంటే ఏమిటో నెమ్మదిగా తెలిసింది. యుద్ధంలో జర్మన్లు పోలండ్‌లోని ఆ చిన్న ఊరిని ఆక్రమించారు. ఒక ఉదయం యూదులందరినీ సంతవీధిలో పోగేసి, అడవికి నడిపించి కాల్చేశారు. పన్నెండేళ్ళ ఈవిడ అప్పుడు పాల కోసం పక్క పల్లెకు వెళ్ళింది. ఒక రైతు భార్య వెనక్కి పోనివ్వకుండా గడ్డివాములో దాచింది. వాళ్ళ వీధి మొత్తానికి మిగిలింది ఈవిడొక్కతే.

అప్పటి నుంచి రోజూ ఆ వీధిని ఇల్లిల్లూ వల్లె వేసుకునేది. ఈ మధ్య కొన్ని పేర్లు జారిపోతున్నాయని భయం. పిల్లల్లేరు. తను పోతే వాళ్ళంతా ఒకప్పుడు ఉండేవాళ్ళని చెప్పే దిక్కుండదు. అందుకని నాకు అంటగట్టింది. రాసుకుంటానంటే వద్దంది.

"కాగితం నోరెత్తదు. నీ నోరు మూతపడదు."

ఎక్కాల్లా నేర్పింది. రొట్టెలావిడ, దర్జీ, దర్జీ ముగ్గురు కూతుళ్ళు. నా నోట్లో పడ్డ పేర్లన్నీ తెనాలి పేర్లయిపోయేవి.

"ఈ బుర్రతో ఇంజనీరువా? నువ్వు కట్టిన బ్రిడ్జి నేనెక్కను."

"మీరెక్కేదేముంది, వీల్‌చైర్ తోసేది నేనేగా," అనేదాన్ని.

సెమిస్టర్ చివర్లో ఒక మధ్యాహ్నం వీధి మొత్తం తడుముకోకుండా ఒప్పజెప్పి, మెచ్చుకుంటుందని చూశాను.

"మా ఇంట్లో ఒకణ్ణి వదిలేశావు," అంది.

"మీ అమ్మ, నాన్న, అక్క. అంతేగా మీరు చెప్పింది?"

"లిటిల్ బ్రదర్ ఒకడు. నీకు చెప్పలేకపోయాను. అప్పటికి పుట్టి ఆరు రోజులు. మాలో మగపిల్లాడికి ఎనిమిదో రోజున పేరు పెడతారు."

నాకు ఏడుపొచ్చేసింది. "మరి వాణ్ణి ఏమని చెప్పను?"

"మీ ఇంట్లో లిటిల్ బ్రదర్‌ని ఏమంటారు?"

"తమ్ముడు."

"అయితే అలాగే చెప్పు."

మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. వాళ్ళింటికి వచ్చాక, అమ్మ పేరు, నాన్న పేరు, అక్క పేరు చెప్పి, తమ్ముడు అన్నాను.